పురచేయి వైపు

గురువారం రాత్రి ఏడింటికి
వెస్ట్ ఆలిస్‌లో, మంచు మీద చల్లిన ఉప్పు తొక్కుకుంటూ
చక్రాల సంచీ ఈడ్చుకొస్తాను.
లోపల మూడు బంతులు, ఒక్కోటీ పద్నాలుగు పౌన్లు.
ఇంట్లో బియ్యం బస్తా ఎత్తమంటే మాత్రం
నాకు నడుం నొప్పి.

అరవై అడుగుల మేపుల్ చెక్క.
దాని మీద నూనె ఉందని
ఎవరో చెబితే తప్ప తెలీదు.
నలభై అడుగుల దాకా మెషిన్ పూసి పోయింది,
నడుమ చిక్కగా, అంచుల్లో పల్చగా.
ఆపైన అంతా పొడి.
కంటికి మాత్రం ఒకటే మెరుపు.

పెనం కాగిందో లేదో
నాలుగు చుక్కలు చిలకరించి చెవి ఒగ్గినట్టు
మొదటి బంతి వదిలి
ఎక్కడ మలుపు తిరుగుతుందో చూడాలి.
తిరిగొచ్చాక దాని ఒంటి మీది నూనె గీతల్ని
తుడిచే ముందు చదవాలి.

లెరాయ్ గెర్‌హార్ట్ నేర్పాడు ఇదంతా.
డెబ్భై ఆరేళ్ళు. నా బొటనవేలి కొలతకి కన్నం తొలిచినవాడు,
ఆ వేలు ఏ నెలలో వాస్తుందో కూడా గుర్తున్నవాడు.
"నూనె మందంగా ఉంటే గరుకుది తీసుకో,
మెరిసేది జారిపోతుంది, పట్టు దొరకదు.
చెక్క ఎండితే మెరిసేది తియ్యి,
గరుకుది దారిలోనే అలిసిపోతుంది."
మూడోది పసుపుపచ్చ ప్లాస్టిక్‌ది.
ఏ నూనెకీ లొంగదు, ఎటూ తిరగదు.
మూలన మిగిలే ఒంటి పిన్ను కోసం.
ఏడో పిన్ను. నా పాలిటి శని.

అసలు సంగతి చెప్పలేదు కదూ,
నాది ఎడమచేతి వాటం.
నరసరావుపేటలో మూడో తరగతి టీచరు
స్కేలు అంచుతో కణుపుల మీద కొట్టి
బలపం కుడిచేతికి మార్పించింది.
అక్షరాలు మారాయి.
విసురు మారలేదు.

ఇక్కడ ఆ పురచేతికే రాజభోగం.
కుడివైపు తొమ్మిదిమంది ఒకే దారి తొక్కి తొక్కి
మూడో ఆటకల్లా నూనె ఇంకిపోతుంది.
వాళ్ళు జరుగుతారు, బంతి మారుస్తారు,
లేన్‌ని తిడతారు, బూట్లని తిడతారు.
నా వైపు ఏడింటికి ఎలా ఉందో పదింటికీ అలాగే.
ఎనిమిదేళ్ళు ఒక్క గరుకు బంతితో నెట్టుకొచ్చాను.
అది నా తెలివే అనుకున్నాను.

కిందటి వారం ఎదుటి జట్టులోకి కొత్త కుర్రాడొచ్చాడు.
డెవాంటే అట, టైర్ల షాపులో పని.
బంతి ఎడమచేత్తో ఎత్తగానే
మావాళ్ళంతా నా మొహం చూశారు.
నా దారే. సరిగ్గా ఏడో బోర్డే.
బొంగరంలా తిప్పి వదులుతాడు,
ఒక్కో విసురుకీ ఇంత నూనె పట్టుకుపోతాడు.

రెండో ఆట సగంలో నా గరుకు బంతి
ఎన్నడూ లేంది తొందరపడి తిరిగి
ముందు పిన్నుని ముక్కు మీద గుద్దింది.
రెండు మూలలా రెండు నిలబడి నవ్వాయి.
మళ్ళీ వేశాను. మళ్ళీ అదే.
తెర మీద 'సుభా' (సుభాషిణికి చోటు చాలదు),
దాని పక్కన తలెత్తుకోలేని అంకెలు.

కోపం వచ్చింది, అబద్ధమెందుకు.
నా నూనె ఎవడో తాగేశాడు.
తువ్వాలు తీసి బంతి చూస్తే
గీత వెంట్రుకంత సన్నగా, తెగుతూ తెగుతూ.
ఎనిమిదేళ్ళలో మొదటిసారి
నా దారిలో నాది కాని అరుగుదల.

"రెండు బోర్డులు కుడికి జరగండాంటీ" అన్నాడు,
"నేనూ జరుగుతున్నా. మెరిసేది లేదా మీ దగ్గర?"
ఉంది. మూడేళ్ళ కిందట లెరాయ్ అంటగట్టింది,
గుడ్డ కూడా విప్పలేదు.
"ఎల్లకాలం ఆ వైపు ఒక్కదానివే ఉండవుగా" అని
సగం ధరకే ఇచ్చాడు.

నీలం ముత్యం రంగు.
జరిగాను. వదిలాను.
నిమ్మళంగా జారి, ఇంకా జారి,
ఇక తిరగదులే అని నేను వెనక్కి తిరగబోతుంటే
తిరిగింది.

తొమ్మిది పడ్డాయి.
ఏడోది కదల్లేదు.

పసుపు బంతి కోసం చెయ్యి చాపి చూస్తే
పక్క లేన్‌లో ఆ కుర్రాడు
తన పసుపు బంతిని ప్యాంటుకి తుడుచుకుంటూ
తన ఏడో పిన్నుని
నోటికొచ్చినట్టు తిడుతున్నాడు.