ఏట్లె బిళ్ళ

సిరొంచ బస్టాండు ఎదురుంగ
జిరాక్సు, రీచార్జి, పాసుపోటు ఫొటోలు:
ఇదీ నా దుకాణం.
అద్దానికి అతికించిన నల్ల చదరాల గుర్తు
ఎండకు సగం వెలిసింది.
అయినా పైసలు దాన్ని గుర్తుపడతయి.

మాఘం చివర్ల
మిరపతోటల నుంచి కూలోళ్ళను తెచ్చే ఆటో బోల్తపడ్డది.
దుర్గం రాజుబాయి తుంటి విరిగింది.
ఏరు దాటించి వరంగల్ దవాఖాన్ల పడుకోబెట్టిన్రు.
ఈ ఒడ్డు కార్డు ఆ ఒడ్డున చెల్లదన్నరు.
నీళ్ళకు లేని సరిహద్దు
ఎముకకు ఉంటదని అప్పుడే తెలిసింది.

నేను మెసేజి రాసిన.
మాట తెలుగు, అక్షరం మరాఠీ.
మా బళ్ళె నేర్పింది అదే.
అవతలి ఒడ్డోళ్ళకు అది కొక్కిరిగీతలైంది.
"ఇదేం భాష భయ్యా?" అని ఒకడు.
గులాబీ బొమ్మతోటి శుభోదయం ఇంకొకడు.

చెరిపేసి, నోటితోని చెప్పిన.
నలభై సెకన్లు.
నడుమ బస్సు హారను,
వెనక నా బిడ్డ మంచినీళ్ళడుగుడు,
అన్నీ కలిసే పోయినయి.
గొంతుకు లిపి లేదు గద.
అంకీస పోయింది, అసరల్లి పోయింది,
పుణెల గోడలు కట్టే మా పిలగాళ్ళ కాడికి పోయింది,
కాళేశ్వరంల కొబ్బరికాయలమ్మే ఆమె
తన చుట్టాలందరికీ పంపిందట,
ఆమెవరో నాకు ఇప్పటికీ తెలవదు.

"పేషెంటు ఫొటో పెట్టు, నమ్మకముంటది" అన్నడొకాయన.
తప్పనలేను. మోసాలు మస్తుగున్నయి.
ఫోన్ల అడిగిన రాజుబాయిని.
జర్రసేపు ఏం మాట్లాడలే.
"మొకం వద్దు. చేతులు పెట్టు" అన్నది.
గోర్ల సందుల మిరప ఎరుపు,
నర్సమ్మ ఎన్నిసార్లు తుడిచినా పోనిది.
మళ్ళ ఎవరూ రుజువు అడగలే.

అర్ధరాత్రి దాక ఫోను టింగు టింగు.
యాభై ఒకటి. ఇరవై. నూటపదకొండు.
ఎస్టీ బస్సు కండక్టరు రెండొందలు,
పేరు చెప్పకన్నడు,
ఫోనుకు ఆ మర్యాద తెలవదాయె.
మూడేండ్లసంది నాతోని మాటల్లేని మా బావ
ఐదొందలు.
ఒక్క అక్షరం లేదు, ఐదొందలే.

ఆ ఎనుక
తోకల బక్కయ్య, ఒక్క రూపాయి.
పరాచికమనుకున్న. మనసుల తిట్టిన గుడ.
తెల్లారి మళ్ళ ఒకటి.
ఆ తెల్లారి మళ్ళ.
పొద్దున ఆరింటికి,
మొదటి బస్సు వంతెనెక్కే యాళ్ళకు.

పన్నెండోనాడు ఎతుక్కుంట పోయిన.
ప్రాణహిత ఒడ్డున బోర్లించిన పడవ,
దాని ఈపు మీద ఎండబెట్టిన చాపలు,
పక్కన కాకులను కొట్టుకుంట ముసలాయన.
"ఏరు దాటేటప్పుడు గంగమ్మకు బిళ్ళ ఏసుడు,
నా పడవల ఎక్కినోళ్ళందరు ఏసేటోళ్ళు.
వంతెన పడ్డంక పడవ ఇట్ల పండుకున్నది.
బస్సుల నుంచి ఇసిరితే కమ్మీకి తాకి
తారు మీదనే పడుతున్నది బిడ్డా.
మనుమరాలు ఇది నేర్పింది.
దీన్ల ఏసినా ఏట్లె ఏసినట్టే ఉన్నది,
ఎక్కడ తేలుతదో కనబడదు."

వైశాఖంల
రాజుబాయి కర్ర పట్టుకొని దుకాణం మెట్లెక్కింది.
పైసల లెక్క చెప్పబోతే వద్దన్నది.
పేర్లు సదువు, అన్నది.
ఒళ్ళె ఎండుమిరపకాయల మూట.
ఒక్కో పేరుకు ఒక్కో కాయ పక్కకు.
ఆమెకు వచ్చిన లెక్క అదొక్కటే.
మా బావ పేరు కాడ నా గొంతు జర తగ్గింది,
ఆమె కాయ మాత్రం అందరి తీరుగనే పెట్టింది.

బక్కయ్య కాడ ఆగిన.
"ఈయన పందొమ్మిదిసార్లు ఏసిండు.
ఒక్కటి పెట్టు సాలు, మనిషి ఒక్కడే గద."
తలెత్తి చూసింది.
"వచ్చినప్పుడల్ల మనిషే గద వచ్చింది"
అనుకుంట పందొమ్మిది కాయలు ఏరింది.

దుకాణం నిండ ఘాటు.
ఆధార్ జిరాక్సుకొచ్చిన పిలగాడొకడు
రెండుసార్లు తుమ్మిండు.
రాజుబాయి వాని దిక్కు తిరిగి,
చేతుల కాయ చేతులనే ఉంచుకొని అడిగింది:
"నువ్వెవలు కొడుకా,
ఈ పట్టీల ఉన్నవా?"