లస్కరు గట్టు నడిచినట్టు

ముప్ఫై రెండేళ్లు లేసు మీదకి వంగే ఉన్నాను.
దారపు ఉండ ఒళ్లో, సూది వేళ్లలో,
చూపంతా ముడి మీద.
డజనుకింతని ఏజెంటు లెక్కగట్టిన డబ్బుల్లో
నా నడుం ఖరీదు ఏ రోజూ రాసుకోలేదు.

వైశాఖంలో ఓ పొద్దున
బియ్యం డబ్బా మూత తీయబోయి
అలాగే ఉండిపోయాను,
తుప్పు పట్టిన మడతకుర్చీలా,
తెరుచుకోనూ లేను, మూసుకోనూ లేను.

వావిలాకు కాపడం పెట్టారు.
ఎదురుకాళ్లతో పుట్టాడని
పక్కవీధి సూరిబాబుని పిలిచి
మూడు తన్నులు తన్నించారు.
వాడికి మొహమాటం, నాకు నవ్వు,
నవ్వితే మళ్లీ నొప్పి.

నరసాపురం ఆసుపత్రిలో మెహరున్నీసా అనే పిల్ల
చీటీ రాయలేదు, నేల మీద పడుకోమంది.
"మోకాళ్లు మడవండి.
నడుముకీ నేలకీ మధ్య చీమ దూరే సందు ఉండకూడదు.
పది లెక్కపెట్టి వదిలేయండి.
రోజూ."
అంతేనా!
బస్సు చార్జీ దండగ అనుకుంటూ వచ్చాను.

మా ఆయన కాలవ లస్కరు.
రాత్రి అన్నం కలుపుకుంటూ అన్నాడు:
"నేను రోజూ గట్టెందుకు నడుత్తానే?
ఎండ్రకాయ బొక్క గుప్పెడు మట్టితో పోద్ది.
గండి పడ్డాక లారీడు ఇసకబస్తాలు పోసినా ఆగదు."
పప్పులో ఉప్పు తక్కువైందని కూడా అన్నాడు.

మర్నాడు తుంగచాప పరిచాను.
పడుకుని పది, గోడకి ఆనుకుని పది,
నాలుక్కాళ్ల మీద వీపు పైకెత్తి, కిందకి దించి.
మా పిల్లి కాసేపు చూసి
అదే పని నాకంటే బాగా చేసి
చూరెక్కి పోయింది.

ఇప్పుడు ఇరవై వరసలకోసారి
లేసు పక్కన పెట్టి వాకిలి దాకా నడుస్తాను.
శ్రావణంలో పెళ్లిళ్ల హడావిడిలో నాలుగు రోజులు మానేస్తే
ఐదో రోజు నడుం నన్ను పేరుపెట్టి పిలిచింది.
మళ్లీ చాప పరిచాను, తగువు లేదు.

నొప్పి పోయిందా అంటే
పోలేదు. నిండు కాలవలా
గట్టుకి అవతల పారుతోంది.
ఇవతల నేను.

తెల్లారగట్ల ఆయన పార భుజాన వేసుకుంటాడు,
నేను చాప చుట్టి గోడకి నిలబెడతాను.
"బొక్కలేమైనా కనపడ్డాయా?"
"ఒకటి. ఎడం పక్కన.
పూడ్చేశాను."