అర కిలో తక్కువ

బల్లార్షా మిల్లుకు రద్ది కాయితం లారీ వస్తే
తూకం రాసేది నేనే.
బేళ్ల కట్టు తెగినకాడ మూడుసార్లు దొరికిండు
ఆ పొడుగు టోపీ అధ్యక్షుడు.

లడాయి గెలిచిన వారంలనే నాటకం జూడబోతడు.
కావలోడు తాగుడుకు పోయిండని ఒక పుస్తకం,
కావలే లేదని ఇంకోటి.
విరిగిన కండ్లద్దాలకు దారం కట్టుకున్నడట,
దానిమీదనే ఒకాయన రెండు పేజీలు రాసిండు.
చావు మాత్రం ఎవ్వరు మార్చరు.

రాత్రి డ్యూటీ. వర్ధా దిక్కెల్లి గుజ్జు వాసన.
చదువుకుంట గొణుగుత:
తలనొప్పని చెప్పు, పోకు.
బోర్కుటే బీడీ ఆర్పి నవ్విండు,
"అరే బాబా, ఎన్నడో సచ్చినోన్ని ఇప్పుడు ఆపుతవా?"

నాయిన బాయిలరు కాడ పోయిన దినం గూడ
కాలనీల తలా ఒక తీరు చెప్తరు.
డ్యూటీ ఆయనది కాదంటరు,
పెండ్లికి పోయినోని బదులు ఎక్కిండంటరు,
సద్ది గిన్నె మూత గూడ తియ్యలేదంటరు.
అమ్మ అన్నీ వింటది. ఏదీ కాదనదు.

మూడో పుస్తకానికి కడపటి పేజీలు లెవ్వు,
వానకు నాని ఊడిపోయినయి.
అండ్ల అధ్యక్షుడు ఇంకా మెట్లమీదనే ఉన్నడు
చేతి తొడుగులు దేవులాడుకుంట.
కింద గుర్రపుబండి.

దాన్ని బువ్వ సంచిల వెట్టుకున్న.
తెల్లారి చిట్టీల
అర కిలో తక్కువ రాసిన.