ఎక్కేవాళ్ళు లేని నిచ్చెన

నలభై నంబరు దారం అడిగాడు ముక్తేశ్వరాచారి,
జాకెట్లకు వాడేది కాదు, పురి గట్టిది,
తేనెమైనం రాస్తే వెంట్రుకలా నునుపెక్కేది.
ఎందుకన్నాను.
ఓడకన్నాడు.

పట్టాళం సందులో మా కింది వాటా ఆయనది.
పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు
ఇనుము పోతపోసే ముందు
చెక్కతో దాని అచ్చు చేసి ఇచ్చిన చెయ్యి.
ఇప్పుడు మంచం మీద మూడడుగుల ఓడ,
కాదు, ఇంకా ఓడ కాదు,
చేప తినేశాక పళ్ళెంలో మిగిలిన ముల్లు.

టేకంతా తుక్కు కింద కొన్న పాత బోగీల కిటికీలది.
"ఓడలు బండ్లవుతాయంటారు గదా ధనకోటమ్మా,
బండి ఓడవడం ఇదిగో"
అని ఆయనే నవ్వి, ఆయనే దగ్గి,
ముక్కుపొడిలాంటి రంపంపొట్టు ఊదాడు.

రెండున్నర వందల ఏళ్ళ నాటి యుద్ధనౌకట.
డెబ్బై నాలుగు ఫిరంగులు,
ఒక్కోటీ ఇత్తడి కడ్డీ అరగదీసి చేసింది,
ఎండుమిరప తొడిమంత.
ఇంతకీ గెలిచిందా ఇది, అని అడిగాను.
పుస్తకంలో ఆ పేజీలు చెదలు తిన్నాయట.
"పేరులోనే ఉంది కదమ్మా, ఓడటం."

అడుగు అంతస్తులో ఒక పొయ్యి పెట్టాడు,
రెండు కాగులు, గరిటె వేలాడే కొక్కెం.
మర్నాడు దానిమీద పలకలు పరిచి మూసేశాడు.
కనపడనిదానికి గరిటెందుకంటే
నా ముఖం చూడలేదు,
నా ఒళ్ళో జాకెట్టు తిరగేసి లోపలివైపు చూశాడు,
నేను సన్నగా మడిచి కుట్టిన అంచుల్ని.
నేనింక అడగలేదు.

రెండో ఏడు ఆయన వేళ్ళు వణకడం మొదలైంది.
ఉలి పట్టుకుంటే ఆగేది,
దారం పట్టుకోగానే వచ్చేది.
అలా తాళ్ళ నిచ్చెనలు నా పాలపడ్డాయి,
తెరచాప కొయ్యలకు అటూ ఇటూ
నావికులు ఉత్తకాళ్ళతో పైకి పాకేవి.
ఐదు మిల్లీమీటర్లకొక మెట్టు, మెట్టుకు ఏడు ముడులు.
ఆ లెక్కన మనిషి అంగుళం లోపే.
ఒక మధ్యాహ్నం లైనింగు గుడ్డలు పక్కకు నెట్టి
భూతద్దం కింద ఆరు వందల ముడులు దాటాక, ఉండబట్టలేక,
"ఎక్కేవాడే లేడుగా, ఇంత బిగువెందుకండీ?"
"జారిపడితే వాళ్ళింటికి కబురు ఎవరు చెప్తారు?"

అప్పటినుంచి
ముడి ముడి దగ్గరా ఒక మడమ కనిపించేది,
పగుళ్ళతో, పగుళ్ళలో ఉప్పుతో.
ఈ ఓడలు మద్రాసు ఒడ్డుకొచ్చింది గుడ్డ కోసమేనట,
ఎవరో నేసింది, ఎవరో అద్దింది.
తెరచాపల కోసం టీ డికాక్షన్‌లో నానబెట్టిన మల్లు
అంచులు మడిచి కుడుతూ
నేనిప్పుడు ఎవరి పక్షాన కుడుతున్నట్టు, అనుకున్నాను.
ఫిరంగుల వరసేమో మా మెట్లవైపే తిరిగి ఉంది.

డిసెంబరులో మూడు రోజుల వాన.
ఓటేరి కాలువ వెనక్కి తన్నింది.
అర్ధరాత్రి కింద నుంచి నా పేరు.
మోకాలి లోతు నల్లనీళ్ళలో
నెత్తిమీద ఓడతో ఆచారి.
మందుల సంచి పక్కన తేలిపోతోంది, చూడనే లేదు.
"నీళ్ళు తగిలితే జిగురు వదిలేస్తుందమ్మా,"
అన్నాడు, ఓడను పైకి అందిస్తూ.

కుట్టుమిషను మీద పెట్టాం. వేరే చోటు లేదు.
కొవ్వొత్తి వెలుగులో గోడమీద తాళ్ళనీడ ఊగింది.
ఆయన కుర్చీలోనే నిద్రపోయాడు, పాదాల బురద కడుక్కోకుండా.
ఎడమ పక్క, వెనక కొయ్యకు,
పైనుంచి నాలుగో మెట్టు,
ఒక ముడి వదులైంది.
కళ్ళజోడు వెతుక్కుని బిగించాను.
గోటికొనతో మెట్టుమీద నొక్కి చూశాను.
ఆగింది.

తెల్లారితే మరగదం జాకెట్టు ఇవ్వాలి.
చేతులింకా అతకలేదు.
మిషను చూస్తే ఖాళీ లేదు.