ఎవరికి లోపల

ముక్తేశ్వరం రేవులో రెండు గదుల పఠనాలయం.
నెలకి పదిహేను రూపాయలకి తలుపు తీసేవాణ్ణి,
లాంతరు బుడ్డి తుడిచేవాణ్ణి,
కోటిపల్లి నుంచి నావలో ఒకరోజు ఆలస్యంగా దిగే పేపరు
చదువు రానివాళ్ళకి చదివి వినిపించేవాణ్ణి.
చేపల గంపల పక్కన కూర్చుని వచ్చేది కాబట్టి
చీనా యుద్ధం ఎప్పుడూ
కాస్త ఎండునెత్తళ్ళ వాసన వేసేది.

నలభై ఏడు, వైశాఖం.
నాలుగో పేజీ అడుగున ఏడు పంక్తులు:
లోపలి మంగోలియాలో మంగోలులు
సొంత సర్కారు పెట్టుకున్నారట, ఎర్రజెండా నీడన.
లంకలోంచి పాలు తెచ్చే గంగారత్నం
బిందె దించి అడిగింది:
"లోపలంటే ఎవరికి లోపల, బాబూ?"

అట్లాసు తీశాను.
చెదలు తిన్నచోటే ఉంది ఆ నేల.
"చీనావాళ్ళకి లోపల."
"మరి బయటిదీ ఉందన్నావుగా?"
"అదీ వాళ్ళకే బయట."
పడీ పడీ నవ్వింది.
"మా లంకకి గట్టే బయట.
మీ గట్టోళ్ళేమో మమ్మల్ని ఏట్లోవాళ్ళంటారు."

అప్పట్నుంచీ ఆమెకి అదే ధ్యాస.
గుర్రాలు, గొర్రెలు, నడుమెత్తు గడ్డి.
ఆ గడ్డిని దున్నడానికి ఏళ్ళ తరబడి
దక్షిణం నుంచి నాగళ్ళు వస్తున్నాయని చెబితే
చాలాసేపు మాట్లాడలేదు.
"పుగాకు వేస్తారా?" అంది చివరికి.

ఆ నెలలోనే కచేరీలో లంక పాట.
పాటంటే పాడేది కాదు.
గేదెలు మేసే రెల్లుని
ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని
కేకేసి ఎవడికో రాసివ్వడం.

ఆమెకి ఇద్దరు మరుదులు.
ఈరేశం పాటదారు పక్షం:
"నాలుగెకరాలు మేతకి వదుల్తానన్నాడు, అదే పదివేలు."
సత్తియ్య కూలిసంఘం:
"మొత్తం మనదే. ముందు జెండా పాతనీ."
ఇద్దరిదీ లంక మీద ప్రేమే.
ఒక కంచంలో తిన్న చేతులతోనే
ఒకరి గెడ ఒకరు విరగ్గొట్టుకున్నారు.

నేను చదువుతూనే ఉన్నాను.
కొందరు దొరబిడ్డలు నాన్కింగు గుమ్మంలో అర్జీలతో.
కొందరు కుర్రాళ్ళు ఎర్రదండుతో.
కొందరు ఉత్తరాన ఉన్న సొంతవాళ్ళలో కలుద్దామని వెళ్ళి,
ఇప్పుడు కాదనిపించుకుని తిరిగొచ్చారు.
గంగారత్నం వేళ్ళు మడిచి లెక్కపెట్టేది,
ఎవరు ఈరేశమో, ఎవరు సత్తియ్యో.
మూడో రకం వాళ్ళకి ఆమె దగ్గర పేరు లేదు.
"వాళ్ళు నేనేమో," అంది ఒకసారి.

నలభై తొమ్మిది, శ్రావణం.
గౌతమి ఎర్రగా లేచింది. నాలుగు రోజులు నావ లేదు.
అయిదో నాడు పేపర్లన్నీ ఒక్కసారే, తడిసి, ఒకదానికొకటి అంటుకుని.
మెల్లగా విడదీశాను:
పడమట, ఎడారి అంచున, ఇంకో మంగోలు సర్కారు.
ఒకటే జనం, ఒకటే కోరిక,
ఒకదాన్నొకటి గుర్తించని రెండు కచేరీలు.
చదవబోతే వినేమనిషి లేదు.
అవతల లంక పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతోంది.
దూడల్ని దోనెలోకి తోస్తోంది గంగారత్నం.
దోనెకి ఈ కొసన ఈరేశం, ఆ కొసన సత్తియ్య,
మాటామంతీ లేకుండా,
ఒకే ఊపున గెడ వేస్తూ.

దసరాకి ఆ ఎడారి సర్కారు లేదు.
రెండే పంక్తులు.
విని, కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది:
"గుర్రాలేమయ్యాయో రాశారా?"
రాయలేదు.

మరుసటేడు వరద తీశాక
ఏటి నడుమ కొత్త మెరక తేలింది.
పేరు లేదు, శిస్తు లేదు, కరణం లెక్కలో నెంబరు లేదు.
అప్పుడప్పుడే రెల్లు మొలకెత్తుతోంది.
రెండు గట్ల నుంచీ మేకులు, గొలుసులతో
రెండు పడవలు బయల్దేరాయి.
ఎవరిదో తెలీదు,
అప్పటికే ఈదుకుంటూ వెళ్ళి
ఓ చూడిగేదె మేస్తోంది.