ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి

చియతూరాలో మా కొట్టు బల్ల మీద
రెండు పెట్టెలు పెట్టాను జుజూనా ముందు.
ఒకటి చూపుడువేలంత, టీవీ వీపున గుచ్చేది.
ఇంకోటి నలుచదరం, అరిగిన సబ్బుబిళ్ళలా.
ధర అడగలేదు. బొమ్మ ఎంత స్పష్టమనీ అడగలేదు.
"కరెంటు పోతే," అంది,
"ఎక్కడ ఆగిందో దీనికి గుర్తుంటుందా?"

ముప్పై ఒక్క ఏళ్ళు తీగబండి నడిపిన మనిషి.
గనికీ ఊరికీ మధ్య గాల్లో
ఇనప డబ్బా, పన్నెండు మంది, ఒక మీట.

సబ్బుబిళ్ళే కొంది. బిగించడానికి నేనే వెళ్ళాను.
ఇరవై తెత్రిలు మింగితే గానీ లిఫ్టు కదల్లేదు.
టీవీ వెనక మాంగనీసు మసి,
వేలు పెడితే కాటుక.
ఉన్న ఒక్క కన్నంలో అల్లుడి ఆటల పెట్టె వైరు.
అడగకుండా పీకేసింది.

వైఫై కింది అంతస్తు పళ్ళ డాక్టరుది.
పాస్‌వర్డ్ ఆయన చచ్చిపోయిన కుక్క పేరు,
వెనకాల ఏదో సంవత్సరం.
రిమోటు నా చేతిలోంచి లాక్కుంది.
తెర మీద గడి దాటి గడి,
కుడికి, కుడికి, కిందికి.
మధ్యలో ఊపిరి బిగబట్టి
అక్షరం చేరాక వదిలేది.
మూడో అక్షరం తప్పింది. మళ్ళీ మొదటికి.
"పైస్తంభం దగ్గర ఇలాగే జారేది," అని నవ్వింది.

కలిసింది.
చుర్చ్‌ఖేలా ముక్కలు కోసి నా ముందు పెట్టి
అప్పుడు చెప్పింది.
ఓ ఫిబ్రవరి, మంచు పట్టి తీగ బిగుసుకుంది.
లోయ మీద ఐదు గంటలు వేలాడారు.
ఏడుస్తున్న ఓ పిల్ల కోసం
ఇపోలితె అనే గనివాడు
కుతాయిసీలో చూసొచ్చిన సినిమా అందుకున్నాడు.
ఒక గుర్రం, ఒక ఏరు, దొంగలెత్తుకుపోయిన చర్చి గంట.
గంట ఎక్కడ దొరికిందో చెప్పబోతుండగా
డబ్బా ఓ కుదుపు కుదిపి కదిలింది.
అందరూ చప్పట్లు.
వాడు దిగి షిఫ్టుకి పోయాడు.
మర్నాడు వేరే షిఫ్టు. ఆ తర్వాత వేరే ఊరు.

రిమోటుని నోటి దగ్గర పెట్టుకుని అడిగింది:
గుర్రం, గంట.
పెట్టెకి మా భాష రాదు.
రష్యన్‌లో అడిగితే
గుర్రప్పందేలూ తలుపుగంటలూ చూపించింది.
సినిమా పేరు ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.
"వెతుకుతాలే. రాత్రులు పొడుగు."

దిగేటప్పుడు లిఫ్టు డబ్బులడగదు.

మర్నాడు కొట్టు తెరవకముందే వచ్చింది.
వాపసు తెచ్చిందేమో అనుకున్నాను.
"రాత్రి సినిమా మధ్యలో
కావాలనే స్విచ్చి ఆర్పాను," అంది.
"మళ్ళీ వేస్తే అడిగింది,
అక్కడి నుంచే చూస్తావా అని.
ఆ ఇపోలితెకి లేని బుద్ధి
దీనికుందయ్యా."