మూడు గంటల ఎండ

పటంలో పేరు చూసి కాదు,
మధ్యాహ్నం మూడింటికి
ఎండ ఏ గోడ దాకా దిగుతుందో కనుక్కుని
ఊరిని ఎంచుకుంటాను.

మొన్నటి ఊరు మరీ అందగత్తె.
ఎటు తిప్పినా పోస్టుకార్డే.
రెండో రోజుకే రైలెక్కేశాను.

త్బిలిసి వేరు.
చెక్క బాల్కనీలు ఒకదాని మీదొకటి వాలి
చాడీలు చెప్పుకుంటున్నాయి.
ఆరేసిన దుప్పట్ల కింద
రొట్టెల ఎతేరి
మట్టిపొయ్యిలోకి నడుందాకా వంగితే
కెమెరా ఎత్తాను.

క్లిక్కు విని లేచింది.
తిట్టలేదు.
తీశావుగా, అయితే ఇవి పట్టుకో అన్నట్టు
కాలే రొట్టెలు రెండు
నా చేతుల్లో పడేసింది.

అప్పుడే మలుపులో
నలుగురు మగాళ్లు పియానో మోసుకుంటూ,
వెనకే దాని స్టూలు నెత్తిన పెట్టుకుని
ఓ పిల్లాడు.

ఆ ఫొటో నా దగ్గర లేదు.
వేళ్లు ఇంకా చురుక్కుమంటున్నాయి.
వచ్చే ఏడు ఎక్కడికని అడక్కండి.